బరాండుగారి రాతి పురుగులు

తొలకరి వానలు పడ్డాక గుడి ఆవరణలో రోకలిబండను చూసే ఉంటారు. పుల్లతో తాకితే చాలు, చుట్ట చుట్టుకుని నాణెంలా పడి ఉంటుంది. ఆదివారం పూజ నుంచి వచ్చి రొయ్యలు ఒలిచే తల్లులకు ఇంకో సంగతి తెలుసు. రొయ్య వీపు మీది పెంకు ఒకే ముక్క కాదు, కట్టు తర్వాత కట్టుగా ఊడి వస్తుంది. ఈ రెంటినీ కాసేపు మనసులో ఉంచుకోండి. ఈ వారం నేను పరిచయం చేయబోయే పెద్దమనిషి వీటి దూరపు బంధువుల వెంట యాభై ఏళ్ళు తిరిగారు. ఆ బంధువుల్లో ఒక్కటీ ఇప్పుడు భూమ్మీద ప్రాణంతో లేదు. వాటి పేరు ట్రైలోబైట్లు. ఆయన పేరు జ్వాకీము బరాండ్, అంటే మరియతల్లి తండ్రిగారి పేరే.

బరాండ్ 1799 ఆగస్టు 11న ఫ్రాన్సు దేశంలో, కొండల మధ్య ఉన్న సోగ్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. చదువులో గట్టివారు. పారిస్‌లోని పాలిటెక్నిక్ విద్యాలయంలోనూ, తర్వాత రోడ్లు, వంతెనల ఇంజనీర్లను తయారుచేసే కళాశాలలోనూ చదివి ఇంజనీరయ్యారు. వంతెనలు కట్టుకుంటూ హాయిగా బతకవలసినవారే. కాని రాజకుటుంబం నుంచి పిలుపు వచ్చింది. 10వ చార్లెస్ రాజుగారి మనుమడు హెన్రీకి లెక్కలు, విజ్ఞానశాస్త్రం చెప్పాలి. 1820 ఫిబ్రవరిలో తండ్రి హత్యకు గురైతే, ఏడు నెలల తర్వాత పుట్టిన బిడ్డ అతడు. ఫ్రాన్సులోని రాజభక్తుల ఆశలన్నీ ఆ పసివాడి మీదే ఉండేవి.

1830 జూలైలో పారిస్ వీధుల్లో తిరుగుబాటు లేచింది. రాజు గద్దె దిగి, పరివారంతో ఓడ ఎక్కారు. కొలువులో ఉన్నవారికి అది తేల్చుకోవలసిన ఘడియ. కొత్త ప్రభుత్వంలో ఇంజనీర్లకు ఉద్యోగాలకు లోటు లేదు. బరాండ్ మాత్రం పదేళ్ళ శిష్యుడి వెంట ప్రవాసానికి బయలుదేరారు. ముందు ఇంగ్లండు, తర్వాత స్కాట్లండులో ఎడింబరో, 1832లో ఆస్ట్రియా చక్రవర్తి ఆశ్రయం ఇచ్చిన ప్రాగ్ నగరం. ఆ నగరం బొహీమియాకు రాజధాని. ఇప్పుడు చెక్ దేశానికి రాజధాని. 1836లో రాజకుటుంబం అక్కడినుంచి కదిలి వెళ్ళింది, అదే ఏడు ముసలి రాజు కన్నుమూశారు. బరాండ్ ప్రాగ్‌లోనే నిలిచిపోయారు. శిష్యుడితో బంధం మాత్రం తెగలేదు. షాంబోర్ ప్రభువుగా పేరుపొందిన ఆ శిష్యుడి ఆస్తి వ్యవహారాలు చూస్తూ, చివరిదాకా ఆయనకు నమ్మినబంటుగానే ఉన్నారు.

మరి ఇంజనీరుకు రాతి పురుగులతో పని ఎలా పడింది? ఆ రోజుల్లో ప్రాగ్ నుంచి పిల్సెన్ వైపు గుర్రాలు లాగే రైలుమార్గం వేయాలని తలపెట్టారు. ప్రాగ్‌లో మ్యూజియం స్థాపించిన కౌంట్ స్టెర్న్‌బెర్గ్ పరిచయం బరాండుకు కలిసివచ్చింది. (ఈ స్టెర్న్‌బెర్గ్ కూడా ఒకప్పుడు పీఠాలయంలో కానన్‌గా ఉండి, తర్వాత శిలాజాల బాట పట్టినవారే.) మార్గం సర్వే చేసే పని బరాండుకు దక్కింది. ఆ గుర్రపు రైలు పిల్సెన్ దాకా చేరనేలేదు. కాని బెరౌంకా నది లోయలో స్క్రియే అనే పల్లె దగ్గర కొలతలు తీస్తున్న ఇంజనీరు కంటికి రాళ్ళలో అచ్చుపోసినట్టున్న వింత ఆకారాలు పడ్డాయి. కొన్నేళ్ళకు, 1839లో, ఇంగ్లండులో మర్చిసన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పాతకాలపు రాతి పొరల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. ఆ బొమ్మల్లోని ప్రాణులకూ తన సంచిలోని ప్రాణులకూ పోలిక ఉందని బరాండ్ గుర్తించారు. అక్కడినుంచి ఆయన మరి వెనుదిరిగి చూడలేదు.

ఇక ఆ ప్రాణి ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే ఆయన శ్రమ మీకు అర్థం కాదు. ట్రైలోబైట్ అంటే మూడు తమ్మెలది. నడినెత్తి నుంచి తోకదాకా పొడవునా రెండు గాళ్ళు ఉంటాయి. నడుమ ఉబ్బెత్తుగా వెన్నుపట్టె, అటూ ఇటూ పక్కపట్టెలు, అందుకే ఆ పేరు. అడ్డంగా చూస్తే మళ్ళీ మూడు భాగాలే. ముందు డాలు లాంటి తల, వెనుక ఒకే పలకగా అతుక్కుపోయిన తోక, మధ్యలో రొయ్య కట్ల లాగా ఒకదానిమీద ఒకటి జరిగే మొండెం కట్లు. ఈ కట్లు ఉన్నందువల్లే చాలా రకాలు రోకలిబండలాగా ముడుచుకోగలిగేవి. తలను తోకకు ఆనించి బంతిలా చుట్టుకుని అలాగే రాయిగా మారినవి బొహీమియాలో ఎన్నో దొరుకుతాయి. ఏ ఆపద చూసి ముడుచుకున్నాయో, మళ్ళీ విప్పుకోలేదు.

వీపు పెంకు సున్నపు పదార్థంతో గట్టిపడినది, మన కోడిగుడ్డు పెంకులో ఉండేదే. అందుకే అది నిలిచింది. కడుపువైపు మెత్తన. మీసాలు, వరుస వరుసలుగా కాళ్ళు, ప్రతి కాలికీ ఊపిరి తీసుకునే మొప్ప కొమ్మ. అవన్నీ కుళ్ళిపోయేవి. అసలు వీటికి కాళ్ళున్నాయా లేవా అని పండితులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 1870లలో అమెరికాలో వాల్కాట్ అనే ఆయన రాళ్ళను పలుచగా కోసి చూసి కాళ్ళను బయటపెట్టారు. మీసాలు కనిపించింది 1893లో. అప్పటికి బరాండ్ పోయి పదేళ్ళు. చూడండి, వేలాది ట్రైలోబైట్లను చేతపట్టిన మనిషి వాటి మీసం చూడకుండానే వెళ్ళిపోయారు.

కళ్ళ సంగతి ఇంకా వింత. మన కంటిలోని కటకం మెత్తటి మాంసకృత్తు. వీటి కంటి కటకాలు కూడా పెంకు పదార్థమే, అంటే స్ఫటికంలాంటి సున్నపురాయి. ఈగ కంటిలాగా ఎన్నో కటకాలు ఒకచోట కూర్చి ఉంటాయి. కొన్ని రకాల్లో కళ్ళు తలంతా ఆక్రమిస్తే, మరికొన్నింటికి కళ్ళే లేవు. బరాండ్ వర్ణించిన జాతుల్లో డాల్మనిటినా సోషియాలిస్ అనేది ఒకటి. దాని కంటి కటకాన్ని 1975లో ఇద్దరు శాస్త్రవేత్తలు పరీక్షించి, లోపలి వంపు 17వ శతాబ్దంలో డెకార్త్ లెక్కగట్టి గీసిన కటకం వంపును పోలి ఉందన్నారు. సెమినరీలో మాకు డెకార్త్ అంటే సందేహాల తత్వవేత్త అని మాత్రమే తెలుసు. కటకాల మీద కూడా పని చేశారని అప్పుడెవరూ చెప్పలేదు. ఆ వంపు చచ్చాక రాయిలో ఏర్పడిందేమోనని తర్వాత కొందరు సందేహించారు. ఆ తగవు పండితులు తేల్చుకోవలసిందే.

బరాండుకు శాస్త్రలోకంలో గౌరవం తెచ్చిన పని ఒక చిన్న ప్రాణి మీద జరిగింది. దానికి ఆయన పెట్టిన పేరు సావో హిర్సూటా. పెద్దదైతే రెండు మూడు సెంటీమీటర్లు, వీపంతా ముళ్ళు. స్క్రియే రాళ్ళలో దీని పిల్లలు కూడా ఆయనకు దొరికాయి. అన్నిటికంటే చిన్నది ఆవగింజలో సగం ఉండదు. అది ఉత్త గుండ్రటి బిళ్ళ. తల ఏదో తోక ఏదో తెలియదు. పీత లాగా, రొయ్య లాగా ఇవి కూడా కుబుసం విడుస్తూ పెరిగేవి. ఒక్కో కుబుసంతో తలకూ తోకకూ మధ్య కట్లు చేరుతూ వస్తాయి, ముళ్ళు మొలుస్తాయి, ఆకారం తేరుతుంది. విడిచిన పెంకులు బురదలో పడి రాయి అవుతాయి. బరాండ్ ఆ పెంకులను పరిమాణం ప్రకారం వరుసపెట్టి, గుడ్డు నుంచి వచ్చిన బిళ్ళ మొదలు పెద్ద ప్రాణిదాకా 20 మెట్లుగా చూపించారు. అంతకుముందు ప్రాగ్ మ్యూజియంలోనే పనిచేసిన కోర్డా అనే పండితుడు ఈ మెట్లనే వేరువేరు జాతులనుకుని దేని పేరు దానికి పెట్టేశారు. మన ఇంట్లో బిడ్డకు జ్ఞానస్నానం నాడు తీసిన ఫోటో, సత్‌ప్రసాదం నాడు తీసినది, పెళ్ళినాటిది చూసి వీళ్ళు ముగ్గురు మనుషులని ఎవరైనా అంటే ఎలా ఉంటుంది? ట్రైలోబైట్ కుటుంబచరిత్రలో ఆ పొరపాటును సరిదిద్దినవారు బరాండ్.

ఆయన పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. ఇంట్లో కూర్చుని ఎవరో తెచ్చినవి కొనుక్కోలేదు. క్వారీలు తవ్వించారు, రాళ్ళు కొట్టే కూలీలకు ఏది విరగ్గొట్టాలో ఏది దాచాలో నేర్పించారు. వాళ్ళతో మాట్లాడడానికి చెక్ భాష నేర్చుకున్నారు. రాజదర్బారు ఫ్రెంచి వాడు కూలీల భాష నేర్చుకోవడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. ఆయన ఇంటి పనులు చూసినది బర్బోరా నెరూడోవా అనే పేదరాలు. ఆమె కొడుకు యాన్ నెరూడా తర్వాత చెక్ భాషలో పేరుమోసిన రచయిత అయ్యాడు. (చిలీ దేశపు కవి పాబ్లో నెరూడా కలంపేరు ఈయన నుంచి తీసుకున్నదేనని చెబుతారు.) బరాండ్ పాతకాలపు ఆల్చిప్పలకు పేర్లు పెట్టవలసి వచ్చినప్పుడు లాటిన్, గ్రీకులను పక్కనబెట్టి చెక్ ఇళ్ళలో వినబడే మాటలు ఎత్తుకున్నారు. ఒక చిప్ప పేరు మామింకా, అంటే అమ్మ. ఇంకొకటి పానెంకా, చిన్నమ్మాయి. మరొకటి బాబింకా. ఆ చివరిది తన ఇంటి పనిమనిషిని తలచుకుని పెట్టినదేనంటారు. నేటికీ ప్రపంచమంతటా శాస్త్రగ్రంథాల్లో అదే పేరు.

1852లో ఆయన మహాగ్రంథం మొదటి సంపుటం వచ్చింది. మధ్య బొహీమియా సైలూరియన్ పొరల గురించి, 900 పైచిలుకు పేజీలు, అన్నీ ట్రైలోబైట్లే. ఖర్చులో పెద్ద భాగం శిష్యుడు షాంబోర్ ప్రభువు భరించారు. 1857లో లండన్ భూగర్భశాస్త్ర సంఘం తన అత్యున్నతమైన వోలాస్టన్ పతకం ఇచ్చింది. బతికుండగా 22 సంపుటాలు వెలువరించారు, 3,500కు పైగా జాతులను వర్ణించారు. అంత పనిని ఒక విశ్వవిద్యాలయంలో ఏ పదవీ లేని ప్రవాసి చేశారంటే నమ్మబుద్ధి కాదు.

ఇంతవరకు చెప్పి ఆపితే ఆయనకూ న్యాయం కాదు, మీకూ కాదు. ఎందుకంటే ఆయన రెండు పెద్ద విషయాల్లో పొరబడ్డారు. రెండింటిలోనూ చివరిదాకా పట్టు వదలలేదు.

మొదటిది ఇది. ప్రాగ్ శివార్లలో పాత పొరల మధ్యలో కొత్త పొరల ప్రాణులు కనబడ్డాయి. పైన మళ్ళీ పాత ప్రాణులే. ఎలా? వేరే సముద్రంనుంచి కొన్ని ప్రాణులు ముందుగా వలస వచ్చి, కొన్నాళ్ళుండి, పోయి, చాలాకాలం తర్వాత స్థిరంగా వచ్చాయని బరాండ్ అన్నారు. వీటికి కాలనీలు అని పేరు పెట్టారు. డార్విన్ అంతటివారు కూడా తమ గ్రంథంలో ఈ కాలనీలను ప్రస్తావించి, వలస అన్న వివరణ సబబుగానే ఉందన్నారు. కాని ప్రాగ్‌లో క్రెయ్చీ, వియన్నా భూగర్భ సర్వేలో లిపోల్డ్ ఒప్పుకోలేదు. భూమి కదలికల్లో పొరలు విరిగి, మడతపడి, కొత్త ముక్క పాతదాని మధ్య ఇరుక్కుందన్నారు. మా విచారణలో పాత జ్ఞానస్నానాల రిజిస్టరును ఒకసారి బైండింగుకు ఇస్తే, 1961 నాటి కాగితాలు 1934 మధ్యలో కుట్టి తెచ్చారు. ఆ కాగితం చూసి 1961లో పుట్టినవాళ్ళు 1934లో ఒకసారి వచ్చి వెళ్ళారని నేను అనుకోలేదు, బైండింగు తప్పిందనుకున్నాను. బరాండ్ అలా అనుకోలేకపోయారు. 1861 నుంచి 1881 దాకా కాలనీల సమర్థనగా అయిదు పుస్తకాలు రాశారు. కొన్ని కాలనీలకు తనను ఎదిరించినవారి పేర్లే పెట్టారు. అది మర్యాదో ఎత్తిపొడుపో మీరే ఊహించుకోండి. 1880లో మార్ అనే కేంబ్రిడ్జి యువకుడు వచ్చి పొరలను నడిచి చూసి, భూమి విరుగుళ్ళతోనే అంతా అర్థమవుతుందని రాశాడు. ఇరవై ఏళ్ళ వాదం అక్కడితో దాదాపు ముగిసింది, బరాండుకు తప్ప.

రెండవది పరిణామం. కువియే సంప్రదాయంలో పెరిగిన బరాండ్ జాతులు మారవని నమ్మారు. కతోలిక విశ్వాసి కనుక బైబిలు పట్టుకుని డార్విన్‌ను ఎదిరించారని అనుకోకండి. ఆయన ఎదిరించింది రాళ్ళు పట్టుకుని. 1871లో ఆయన ప్రకటించిన వాదన ఇలా సాగుతుంది. బొహీమియాలో ప్రాణులు కనిపించే అడుగు పొరను ఆయన ఆదిమ జంతుజాలం అన్నారు. అక్కడ ట్రైలోబైట్లు ఒక్కసారిగా, పూర్తి అవయవాలతో ప్రత్యక్షమవుతాయి. కింద వాటి తాతముత్తాతల జాడ లేదు. పైగా పిల్ల సావోకు కట్లు తక్కువ, పెరిగేకొద్దీ ఎక్కువ. జాతులు కూడా అలా పెరిగి ఉంటే తొలి ట్రైలోబైట్లకు కట్లు తక్కువ ఉండాలి. కాని అడుగు పొరలోనే ఇరవై వరకు కట్లున్న పారడాక్సైడిస్ ఉంది, దాని పక్కనే రెండే కట్లున్న ఆగ్నోస్టస్ ఉంది. కళ్ళున్నది, గుడ్డిది కలిసే ఉన్నాయి. మరి మెట్లు ఎక్కడ?

ఇది బలహీనమైన ప్రశ్న కాదు. ట్రైలోబైట్లకు ముందు ఏముందన్నది డార్విన్‌నే కలవరపెట్టిన ప్రశ్న, ఆయన దాచలేదు. జవాబు దొరకడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఇప్పుడు మనకు తెలిసినదాని ప్రకారం తొలి ట్రైలోబైట్ పెంకులు దాదాపు 52 కోట్ల ఏళ్ళనాటివి, సైబీరియా, మొరాకో వంటి చోట్ల దొరుకుతాయి. బొహీమియా అడుగు పొర అంతకంటే కోటి ఏళ్ళకు పైగా తర్వాతిది. అంటే బరాండ్ మొదటి పుట అనుకున్నది పుస్తకం మధ్యలోని పుట. వాటికంటే ముందున్న బంధువులకు సున్నపు పెంకు లేదు, మెత్తటివి కనుక మామూలు రాళ్ళలో మిగలలేదు. చైనాలోని చెంగ్‌జియాంగ్‌లో 1984 నుంచి అలాంటి మెత్తటి ప్రాణుల అచ్చులు ఎన్నో బయటపడ్డాయి. ట్రైలోబైట్ల అక్కచెల్లెళ్ళ వంటివి వాటిలో ఉన్నాయి. కట్ల విషయంలోనూ దారి ఆయన ఊహించినట్టు తక్కువ నుంచి ఎక్కువకు కాదు. తొలి రకాల్లో లెక్క ఎక్కువ, పైగా నిలకడ తక్కువ. తర్వాతి వంశాల్లో చాలావాటికి లెక్క తగ్గి స్థిరపడింది. దీనికి మచ్చు బరాండ్ స్వయంగా పేరుపెట్టిన జాతుల్లోనే ఉంది. ఔలకోప్ల్యూరా అనే సైలూరియన్ ప్రాణిలో పెద్దవాటికి 18 నుంచి 22 దాకా కట్లు ఉంటాయి, ఒకే జాతిలో. కళ్ళు పోగొట్టుకున్న వంశాలు కూడా పొర పొరకు కన్ను చిన్నదవుతూ కొన్నిచోట్ల కనిపిస్తాయి. ఈ వంశమంతా దాదాపు 27 కోట్ల ఏళ్ళు సముద్రాల్లో బతికి, 25 కోట్ల ఏళ్ళ కిందట పెర్మియన్ యుగాంతపు మహావినాశనంలో సమసిపోయింది. ఇప్పటికి 20,000కు పైగా జాతులు లెక్కకు వచ్చాయి.

పరిణామం అనే మాట వింటేనే మనలో కొందరికి బెంగ. అది అక్కరలేదు. 12వ పియూసు పాపుగారు 1950లోనే మనిషి దేహం పుట్టుక మీద ఈ దిశలో పరిశోధన, చర్చ జరగవచ్చన్నారు. ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడన్నది విశ్వాసం. 1996లో 2వ జాన్ పాల్ పాపుగారు ఇంకో అడుగు వేసి, పరిణామ సిద్ధాంతం ఉత్త ఊహకు మించినదని ఒప్పుకున్నారు. బరాండుకు ఆ మాటలు అందలేదు. కాని నా దృష్టిలో ఆయనను కాపాడినది ఇంకొకటి. తన తీర్పుకు అనుకూలమైనవే ఏరి అచ్చువేయలేదు. ప్రతి పెంకునూ, ప్రతి కట్టునూ ఉన్నది ఉన్నట్టు గీయించారు. అందువల్లనే ఆయన్ను కాదన్నవారు కూడా ఆయన బొమ్మల మీదనే ఆధారపడ్డారు, ఇప్పటికీ పడుతున్నారు.

పట్టుదలలో గురుశిష్యులు ఒక్కటే. ఫ్రాన్సులో 1870 తర్వాత రాజరికం మళ్ళీ రావడానికి దారి ఏర్పడితే, విప్లవం నాటి మూడు రంగుల జెండాను ఒప్పుకోనని షాంబోర్ ప్రభువు భీష్మించారు. 1873లో కిరీటం చేతిదాకా వచ్చి పోయింది. పూర్వీకుల తెల్లజెండాను విడవలేదు. 1883 ఆగస్టు 24న ఆస్ట్రియాలోని ఫ్రోస్‌డోర్ఫ్ భవనంలో ఆయన మరణించారు. వ్యవహారాలు చక్కబెట్టే బాధ్యతను 84 ఏళ్ళ గురువుగారే తీసుకున్నారు. ఆరు వారాలు గడిచాయి. అక్టోబరు 5న అదే చోట బరాండ్ కూడా కన్నుమూశారు.

రాళ్ళు, పుస్తకాలు అన్నీ ప్రాగ్ మ్యూజియానికి రాసిచ్చారు. మిగిలిన సంపుటాల పని పట్టుకున్నవారిలో వాగెన్ ఒకరు. అంతకుముందు మన దేశంలోనే, భారత భూగర్భ సర్వేలో పనిచేసి సాల్ట్ రేంజ్ శిలాజాల మీద రాసినవారు. 1884లో ప్రాగ్ దగ్గర నది ఒడ్డు కొండ మీద బరాండ్ పేరుతో ఫలకం బిగించారు. ఆ కొండ మీద తర్వాత వెలసిన పేటకు బరాండోవ్ అని పేరు వచ్చింది. 1930లలో అక్కడ సినిమా స్టూడియోలు లేచాయి, ఇప్పుడు ఆ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది సినిమాలే. 1972లో ప్రపంచ భూగర్భ శాస్త్రవేత్తలు సైలూరియన్ యుగానికీ డెవోనియన్ యుగానికీ మధ్య హద్దు ఎక్కడ గీయాలో తేల్చుకున్నారు. భూమి చరిత్రలో అలాంటి హద్దును ఒక చోట నాటడం అదే మొదటిసారి. ఆ చోటు బరాండ్ తిరిగిన ప్రాంతంలోనే, క్లోంక్ అనే కొండ వాలు. గీతకు పైనున్నదీ కిందనున్నదీ రెండూ ఆయన లెక్కలో సైలూరియనే.